గుంటూరు 1868: రెండు నానోమీటర్ల తేడాను హాలంతటికీ చూపించడం

ఆగస్టు 18 దగ్గర పడుతోందంటే గుంటూరు వైపు ఖగోళ క్లబ్బులకు ప్రసంగానికి విషయం వెతుక్కునే పని ఉండదు. 1868లో ఆ రోజు పొద్దున సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఈ ఊరి మీదుగానే వెళ్లింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త పియేర్ జాన్సెన్ ఇక్కడే, వెలుగును రంగులుగా విడదీసి చూపే స్పెక్ట్రోస్కోప్ బిగించి కూర్చున్నారు. అందుకే పోస్టర్ మీద ‘హీలియం పుట్టిన ఊరు గుంటూరు’ అని రాయాలని ఎవరికైనా అనిపిస్తుంది. అలా రాస్తే హాలూ నిండుతుంది. కానీ ఆ మాట నిజం కాదు. నిజం అంతకన్నా బాగుంటుంది, కాకపోతే దాన్ని చెప్పి వదిలేస్తే చాలదు, కంటికి చూపించాలి.

ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక ప్రసంగం గురించి. హాలులో 120 కుర్చీలు, 45 నిమిషాల మాట, ఆ తర్వాత గంటసేపు డాబా మీద ఆకాశం. మొదటి రూపంలో 60కి పైగా స్లైడ్లు ఉండేవి, ప్రయోగం ఒక్కటీ లేదు. ఇప్పటి రూపంలో స్లైడ్లు 14, ఒక స్పిరిట్ దీపం, చిటికెడు ఉప్పు, మూడు అట్టపెట్టెలు, వెలుగును రంగులుగా విడదీసే సన్నగీతల ఫిల్ము పెట్టిన గ్రేటింగ్ కార్డు చేతికొకటి. ఈ మార్పు ఎందుకు అవసరమైందో తెలియాలంటే ముందు 1868లో జరిగింది తెలియాలి.

ఎవరు ఏం చూశారు

ఆ రోజు చంద్రుడి నీడ ఏడెన్ వైపు నుంచి అరేబియా సముద్రం దాటి, దక్కన్ మీదుగా వచ్చి, మచిలీపట్నం దగ్గర బంగాళాఖాతంలో దిగి, సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) దాకా వెళ్లింది. దారి పొడవునా పరిశీలకులు కాచుకుని ఉన్నారు. ఇప్పటి కర్ణాటకలోని జమ్‌ఖండిలో లెఫ్టినెంట్ జాన్ హెర్షెల్, గుంటూరులో జాన్సెన్, ఆయనకు వేరుగా మేజర్ జేమ్స్ టెన్నెంట్ బృందం, మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పోగ్సన్. అదే అబ్జర్వేటరీ తరఫున వనపర్తికి వెళ్లిన బృందానికి చింతామణి రఘునాథాచారి నాయకులు. ఆర్ రెటిక్యులి అనే చరతారను (ప్రకాశం మారుతుండే నక్షత్రాన్ని) అంతకు ముందు ఏడాదే కనిపెట్టినవారు ఆయన. తెలుగు సభలో వనపర్తి పేరు, రఘునాథాచారి పేరు చెప్పకుండా ఈ కథ చెప్పడం తప్పు అని మా అభిప్రాయం.

గ్రహణం పట్టినప్పుడు సూర్యుడి అంచున ఎర్రగా ఎగిసి కనిపించే ప్రామినెన్స్‌లు ఏమిటన్నది అప్పటి ప్రశ్న. స్పెక్ట్రోస్కోప్‌లో వాటి వెలుగు ఇంద్రధనుస్సులా పరుచుకోకుండా విడివిడి గీతలుగా కనిపించింది. అంటే అవి వేడెక్కిన వాయువు, అందులో ముఖ్యంగా హైడ్రోజన్. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని జాన్సెన్‌కు తట్టింది. మర్నాడు, ఆగస్టు 19 పొద్దున, మామూలు ఎండలోనే చూశారు. గుంటూరుకు దక్కాల్సిన అసలు గౌరవం ఇదీ: గ్రహణం కోసం ఎదురుచూడకుండా ప్రామినెన్స్‌లను చూసే పద్ధతి ఈ ఊళ్లో పుట్టింది.

అదే పద్ధతిని ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ ఈ సంగతి తెలియకుండానే అక్టోబర్ 20న సాధించారు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీలో ఒకే సమావేశంలో చదివారు. తర్వాత ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలతో ఒకే పతకం వేయించింది.

మరి హీలియం? గ్రహణం రోజున చాలామంది ఒక పసుపు గీత చూశారు. సోడియం గీతలు కూడా పసుపులోనే ఉంటాయి కాబట్టి అది సోడియమే అనుకున్నారు. పోగ్సన్ మాత్రం అది సోడియం గీత ఉన్నచోటో, దాని పక్కనో ఉందని జాగ్రత్తగా రాసుకున్నారు. అది సోడియం గీతతో కలవదని తేల్చి, ఎడ్వర్డ్ ఫ్రాంక్లండ్ సాయంతో భూమ్మీద తెలిసిన వాయువులతో పోల్చి చూసి, కొత్త మూలకం అన్న మాట దాకా వెళ్లినవారు లాకియర్. భూమ్మీద హీలియం చేతికి దొరికింది 1895లో, విలియం రామ్సే ప్రయోగశాలలో, క్లీవైట్ అనే యురేనియం ఖనిజం నుంచి.

ఇప్పుడు ఆ గీతల తరంగదైర్ఘ్యాల అంకెలు చూడండి. సోడియం గీతలు రెండు: 589.0, 589.6 నానోమీటర్లు. హీలియం గీత 587.6. తేడా ఒకదానితో 1.4, రెండోదానితో 2.0. ఒక మూలకం ఉనికి మొత్తం ఈ సందులో దాక్కుని ఉంది. 60 స్లైడ్ల ప్రసంగం తేలిపోయింది ఇక్కడే. ‘పక్కనే ఇంకో గీత’ అని తెర మీద బాణం గుర్తు వేసి చూపిస్తే జనం తల ఊపుతారు, నమ్మడానికి వాళ్ల దగ్గర ఆధారం ఏమీ ఉండదు.

తెర మీద పసుపు పసుపు కాదు

వర్ణపటం ఫొటోను ప్రొజెక్టర్‌తో చూపించడంలో ఒక మోసం ఉంది. ప్రొజెక్టరైనా ఫోనైనా రంగులను ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి తయారుచేస్తుంది. మనకు కనిపించే పసుపు ఎరుపు, ఆకుపచ్చల కలయిక. దాన్నే ప్రసంగానికి తొలి ప్రయోగంగా మార్చుకోవచ్చు.

ఫోన్ తెర నిండా ముదురు పసుపు రంగు బొమ్మ పెట్టండి. నల్ల కాగితంలో 2 మిల్లీమీటర్ల చీలిక కోసి తెర మీద పరవండి. హాలు దీపాలు ఆర్పి, దూరం నుంచి గ్రేటింగ్ కార్డులోంచి చూస్తే ఆ పసుపు చీలి ఎరుపు ఒక పక్కకు, ఆకుపచ్చ ఒక పక్కకు విడిపోతుంది. మధ్యలో పసుపు దాదాపు మాయం. తర్వాత దాని పక్కనే ఉప్పు మంట వెలిగించి అదే కార్డులోంచి చూడమనండి. ఈ పసుపు విడిపోదు. మంట ఆకారం ఉన్నదున్నట్టు పక్కకు జరిగి, పసుపు మంటగానే నిలబడుతుంది. రెండూ ఉత్త కంటికి ఒకటే రంగు. పిల్లలు కార్డు తీసి ఒకసారి, పెట్టి ఒకసారి చూస్తూనే ఉంటారు. కంటికి ఒకేలా కనిపించే రెండు వెలుగులు వేరు కావచ్చన్న సంగతి ఇక ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు.

కార్డుల కోసం మిల్లీమీటరుకు 1000 గీతలున్న గ్రేటింగ్ ఫిల్ము వాడుతున్నాం. 4 సెంటీమీటర్ల చదరాలుగా కత్తిరించి, రెండు అట్టల మధ్య పెట్టి అంచులు అంటించాలి. ఫిల్మును అంచులు పట్టుకునే కత్తిరించాలి. వేలి జిడ్డు గీతల సందుల్లో చేరిందంటే వర్ణపటం మసకబారుతుంది, తుడిస్తే గీకుపడి ఇంకా పాడవుతుంది. చూపించే రంగుపట్టె అడ్డంగా కుడిఎడమలకు పడాలి, అందుకని ప్రతి అట్ట మీదా ‘పై’ అని రాసి ఉంచాలి. ఇది మరిచిపోతే సగం మంది రంగులు కనిపించడం లేదని చేయి ఎత్తుతారు. రంగులు ఉంటాయి, వాళ్లు చూడాల్సింది పైకీ కిందికీ.

ఉప్పు మంట

స్పిరిట్ దీపం, నిక్రోమ్ తీగ, ఉప్పు: అంతే సామాను. పాత హీటర్ కాయిల్ ముక్కను 8 మిల్లీమీటర్ల ఉంగరంగా చుట్టి, కొసను చెక్క పిడికి బిగించాలి. ఉప్పును రెండు చుక్కల నీళ్లతో ముద్ద చేసి ఉంగరంలో మెత్తి, ముందురోజే ఆరబెట్టాలి. ఇలాంటి ఉంగరాలు నాలుగు సిద్ధంగా ఉంటే ప్రసంగం అంతా సరిపోతాయి.

కల్లుప్పు వాడొద్దు. వేడి తగలగానే లోపల ఇరుక్కున్న నీటి తేమ ఆవిరై పలుకు చిట్లి, నిప్పు రవ్వలా ఎగురుతుంది. ముందు వరసలో కూర్చునేది చిన్నపిల్లలే కాబట్టి మెత్తటి ఉప్పే వాడాలి, బల్లకూ మొదటి కుర్చీకీ రెండు మీటర్ల ఎడం ఉండాలి. దీపం వెలుగుతుండగా స్పిరిట్ పోయకూడదు. ఆ మంట వెలుతురులో సరిగా కనిపించదు, ఆరిందనుకుని సీసా వంచితే ప్రమాదం. పక్కన తడి గోనెపట్టా, ఒక బకెట్టు ఇసుక.

ఎక్కువసార్లు చెడగొట్టేది సీలింగ్ ఫ్యాను. ఆగస్టు ఉక్కలో ఫ్యాన్లు ఆపమంటే హాలు గొణుగుతుంది, ఆపకపోతే మంట పడుకుంటుంది. మూడు పక్కలా నల్ల అట్ట నిలబెట్టి, బల్ల మీది ఒక్క ఫ్యాను ఆపితే సరిపోతుంది. నల్ల అట్టకు ఇంకో ఉపయోగం ఉంది: తెల్లగోడ మీద పడే వెలుగు అడ్డు రాకుండా గీత తేటగా కనిపిస్తుంది.

పెట్టెలో చీలిక ఎంత సన్నగా ఉండాలి

కార్డులతో ఉప్పులోని సోడియం పసుపు ఒక్కటే అని తెలుస్తుంది గానీ, దానికీ హీలియానికీ తేడా తెలియదు. మంట వెడల్పే ఆ తేడాను మింగేస్తుంది. అందుకు చీలిక ఉన్న పెట్టె కావాలి. ప్రసంగంలో మిగతావన్నీ అటూ ఇటూ అయినా పరవాలేదు, ఈ పెట్టె మాత్రం కుదరాలి.

30 సెంటీమీటర్ల పొడవున్న అట్టపెట్టె లోపల నల్లరంగు వేయాలి. ఒక కొసన చీలిక, రెండో కొసన కన్ను పెట్టే రంధ్రానికి గ్రేటింగ్ ఫిల్ము. చీలికకు గడ్డం గీసుకునే బ్లేడు రెండు సగాలు. వాటి పదునైన అంచుల మధ్య మామూలు 80 జీఎస్ఎం కాగితం ఒక్క పొర నిలబెట్టి, రెండు పక్కలా టేపు వేసి, కాగితం లాగేస్తే దాదాపు 0.1 మిల్లీమీటరు సందు మిగులుతుంది. ఫిల్ములోని గీతలు చీలికకు సమాంతరంగా ఉండాలి. ఇది తప్పిందంటే వర్ణపటం ఏటవాలుగా పడుతుంది.

ఆ 0.1 ఎందుకు ముఖ్యమో లెక్క వేస్తే తెలుస్తుంది. మిల్లీమీటరుకు 1000 గీతల గ్రేటింగ్‌లో 587.6కూ 589.0కూ మధ్య కోణం ఇంచుమించు 6 ఆర్క్ నిమిషాలు, అంటే ఆకాశంలో చందమామ వెడల్పులో ఐదో వంతు. 30 సెంటీమీటర్ల దూరంలో 0.1 మిల్లీమీటరు చీలిక కంటికి ఒక ఆర్క్ నిమిషం పైచిలుకు కనిపిస్తుంది, కాబట్టి రెండు గీతలూ విడిగా నిలుస్తాయి. చీలిక అర మిల్లీమీటరైతే దాని వెడల్పే 6 నిమిషాలకు దగ్గరపడి రెండు గీతలూ కలిసిపోతాయి. తొలిసారి పెట్టె చేసేవాళ్లు వెలుగు బాగా రావాలని చీలిక వెడల్పు చేస్తారు. వెలుగు బాగానే వస్తుంది, చూపించాల్సిన విషయం పోతుంది. 1868లో పసుపు గీతను సోడియం అనుకోవడం ఎంత తేలికో ఆ పాడైన పెట్టె కూడా చెబుతుంది. అందుకే ఒక పెట్టెను కావాలనే అర మిల్లీమీటరు చీలికతో చేసి పక్కన పెడతాం, రెండూ చూశాక వెళ్లమంటాం.

ఫిల్ము దొరకని ఊళ్లో డీవీడీ ముక్క పనికొస్తుంది. దాని దారుల మధ్య దూరం 0.74 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరుకు 1350 గీతలు. సీడీ అయితే 625 మాత్రమే, వర్ణపటంలో గీతలు దగ్గరదగ్గరగా పడతాయి. డీవీడీ గీతలు వంపు తిరిగి ఉంటాయి కనుక బయటి అంచు నుంచి చిన్న ముక్క తీసుకోవాలి.

హీలియం వెలుగు ఎక్కడిది? బెలూన్లలో నింపే హీలియం వెలగదు. కాలేజీ భౌతికశాస్త్ర ప్రయోగశాలల్లో హీలియం డిశ్చార్జ్ ట్యూబు (విద్యుత్తు పంపితే వెలిగే, హీలియం నింపిన గాజు గొట్టం) ఉంటుంది. దాన్ని, దాని విద్యుత్ పెట్టెను లెక్చరర్‌తో సహా పిలిపించుకోవాలి. అది వేల వోల్టుల వ్యవహారం, ట్యూబు మార్చడం, స్విచ్ వేయడం ఆ లెక్చరర్ పనే, క్లబ్బు కుర్రాళ్లది కాదు. ముప్పై సెకన్లు వెలిగించి, ముప్పై సెకన్లు ఆపాలి, లేకపోతే ట్యూబు వేడెక్కి త్వరగా పాడవుతుంది. ట్యూబు కింది కొసకు సరిగ్గా దిగువన ఉప్పు మంట వచ్చేలా అమర్చితే చీలిక పై సగంలో ఒకటి, కింది సగంలో ఒకటి పడతాయి. అప్పుడు కనిపించేది: ఒక సగంలో పసుపు గీత, రెండో సగంలో పసుపు గీత, రెండూ ఒకే నిలువులో లేవు. విరిగిన చీపురు పుల్లను కొంచెం తప్పించి అతికించినట్టు.

మాట విషయంలో ఒక జాగ్రత్త. మన వైపు పచ్చ అంటే పసుపూ అవుతుంది, ఆకుపచ్చా అవుతుంది. హీలియానికి 501.6 దగ్గర ఆకుపచ్చ గీత కూడా ఉంది. వక్త ‘పచ్చగీత చూడండి’ అన్నాడంటే పెట్టెలో కన్ను పెట్టిన పెద్దాయన ఆకుపచ్చనే చూసి వెళ్లిపోతారు. పసుపు గీత అనాలి, ప్రతిసారీ.

గోడ ముందు మంట: జాన్సెన్ పద్ధతి

గ్రహణం లేకుండా ప్రామినెన్స్ ఎలా కనిపించింది? మాటల్లో చెబితే ఇది కష్టమైన భాగం, చూపిస్తే రెండు నిమిషాల పని. తెల్లగోడ మీద 9 వాట్ల ఎల్ఈడీ బల్బు వెలుగు దగ్గరగా పడేలా పెట్టండి. గోడకు ముందు ఉప్పు మంట. ఉత్త కంటికి ఆ వెలుగులో మంట వెలవెలబోతుంది. ఇప్పుడు సన్నని చీలిక పెట్టెలోంచి చూస్తే గోడ వెలుగు నీలం నుంచి ఎరుపు దాకా పరుచుకుని ఎక్కడికక్కడ పలచబడుతుంది. మంట వెలుగు మాత్రం పరుచుకోవడానికి వీల్లేదు, దానికి ఉన్నది ఒకే చోటు. అందుకని ఆ పలచని రంగుల పట్టె మీద పసుపు గీత ఎత్తుగా నిలబడుతుంది. గోడ స్థానంలో సూర్యుడి అంచున చెదిరిన ఆకాశపు వెలుగునూ, మంట స్థానంలో హైడ్రోజన్‌నూ ఊహించుకోమంటే చాలు, జాన్సెన్ ఆగస్టు 19న చేసింది అందరికీ అర్థమవుతుంది.

ప్రామినెన్స్‌ను ‘సౌరజ్వాల’ అనకపోవడం మంచిది. జ్వాల అనగానే సూర్యుడు కట్టెలా మండుతున్నాడన్న ఊహ బలపడుతుంది. పైగా అదే బల్ల మీద నిజం మంట వెలుగుతోంది. ‘ఎగిసిన వాయువు’ అంటే పోతుంది.

ఈ పెట్టెలను సూర్యుడి వైపు తిప్పకూడదని రెండుసార్లు చెప్పాలి. పగలు ఇంటి దగ్గర చూడాలనుకునేవాళ్లు తెల్లమబ్బు వైపో, ఎండపడ్డ తెల్ల కాగితం వైపో చూడాలి. సూర్యుడి వర్ణపటంలోని సన్నని నల్లగీతలు అక్కడే కనిపిస్తాయి.

తేదీ, హాలు, ప్రశ్నలు

శ్రావణ శుక్రవారం నాడు సభ పెడితే ఆడవాళ్లు రారు, పిల్లలూ రారు. ఆగస్టు 18 శుక్రవారం పడిన ఏడాది సభను శనివారానికి జరపడమే మేలు. సభ 6:45కు మొదలవ్వాలి. అంతకు ముందైతే కిటికీల్లోంచి వెలుతురు వస్తుంది, ఆలస్యమైతే ఆకాశానికి టైము మిగలదు. స్లైడ్లను పీడీఎఫ్‌గా మార్చి తేవాలి, హాలువాళ్ల కంప్యూటర్లో తెలుగు ఒత్తులు విడిపోయి అక్షరాలు చెల్లాచెదురైతే మొదటి అయిదు నిమిషాలూ వాటి మీదే గడుస్తాయి. కరెంటు పోయినా ప్రసంగం ఆగదు: ఉప్పు మంటకు కరెంటు అక్కర్లేదు, చీకటి ఇంకా మంచిది.

పెట్టెల ముందు క్యూ ఉంటుంది. మనిషికి 20 సెకన్లు, మూడు పెట్టెలు, 120 మంది: దాదాపు 14 నిమిషాలు. ఆ 14 నిమిషాలనే ప్రశ్నలకు ఇవ్వడం బాగా కుదిరింది. కూర్చున్నవాళ్లు అడుగుతారు, నిలబడ్డవాళ్లు చూస్తారు. గ్రహణం పూట అన్నం తినొచ్చా, గర్భిణులు బయటికి రావచ్చా అన్న ప్రశ్న ప్రతి సభలోనూ వస్తుంది. చంద్రుడి నీడ పడటం వల్ల అన్నానికీ, కడుపులో బిడ్డకూ ఏమీ కాదని, కళ్లకు మాత్రం తగిన ఫిల్టరు లేకుండా సూర్యుణ్ని చూస్తే హాని జరుగుతుందని సూటిగా, మర్యాదగా చెప్పాలి. అడిగిన అమ్మను చూసి ఎవరైనా నవ్వితే వక్తే ఆపాలి. నవ్వు వినిపించిన సభలో మరో పది మంది తమ ప్రశ్నను మింగేస్తారు.

డాబా మీద

ఆగస్టులో మబ్బు పట్టే అవకాశమే ఎక్కువ. మబ్బు పడితే టెలిస్కోపు మూతే ఉంచి, అందరినీ కార్డులతో పిట్టగోడ దగ్గరికి పిలవాలి. వంద మీటర్ల దూరంలో ఉన్న వీధి దీపం చుక్కలా ఉంటుంది కనుక చీలిక లేకుండానే వర్ణపటం విడుతుంది. ఎల్ఈడీ దీపానికి నీలం ముద్ద, దాని పక్కన వెడల్పాటి పసుపు, ఎరుపు పట్టె. ఇంకా మార్చని పాత సోడియం దీపం ఉంటే పసుపు చుట్టూ గీతలు. దుకాణాల ముందు సీఎఫ్ఎల్ మిగిలి ఉంటే దాని బొమ్మే ఒక్కో రంగులో విడివిడిగా వరుసకడుతుంది.

ఆకాశం విప్పితే 8 గంటలకు అభిజిత్ ఈశాన్యం వైపు ఎత్తులో, జ్యేష్ఠ దక్షిణం దాటి నైరుతి వైపు, స్వాతి పడమట. తెలుపు, ఎరుపు, నారింజ: మూడు రంగులూ ఉత్త కంటికే కనిపిస్తాయి. 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపుకు 25 మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను పెట్టే కటకం) పెడితే 48 రెట్లు వస్తుంది. ఇంకా పెద్దగా కనిపించాలని 10 మిల్లీమీటర్లు పెడితే 120 రెట్లు వస్తాయి గానీ నక్షత్రం నిమిషంన్నరలో పక్కకు జారిపోతుంది, ప్రతి ఇద్దరు ముగ్గురికీ మళ్లీ సరిచేయాలి. 48 దగ్గర నాలుగు నిమిషాలు నిలుస్తుంది. పిల్లల కోసం రెండు మెట్ల పీట ఉండాలి, లేదంటే ఐపీస్‌ను పట్టుకుని వేలాడతారు.

క్యూలో నిలబడ్డవాళ్ల కోసం పోగ్సన్ మళ్లీ పనికొస్తారు. నక్షత్రాల ప్రకాశానికి ఇవాళ వాడే కొలత ఆయన 1856లో ప్రతిపాదించిందే: మెట్టు అంకె పెరిగేకొద్దీ నక్షత్రం మసక, అయిదు మెట్ల తేడా అంటే ప్రకాశంలో వంద రెట్లు, ఒక్క మెట్టు అంటే సుమారు రెండున్నర రెట్లు. అభిజిత్ సున్నా దగ్గర, జ్యేష్ఠ ఒకటి దగ్గర. అభిజిత్ పక్కనే నాలుగు నక్షత్రాల చిన్న వాలు చతురస్రం ఉంది. దూరపు మూలల్లో ఉన్న రెండూ 3.2, 3.5 మెట్లవి, దగ్గరి రెండూ 4.3 చుట్టూ ఉంటాయి. రెండే కనిపిస్తే ఆ డాబా మీద ఆకాశం మూడున్నర దాకానే, నాలుగూ కనిపిస్తే నాలుగు దాటింది. కళ్లు చీకటికి అలవాటు పడటానికి పది నిమిషాలు ఆగి, ఫోన్ తీయకుండా లెక్కపెట్టమనాలి. ఎంతమందికి రెండు, ఎంతమందికి నాలుగు అన్నది తేదీతో పాటు క్లబ్బు పుస్తకంలో రాయాలి. రాసేవాళ్లు పెన్‌టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోవాలి.